మేక ముట్టని చెట్టు

బోరు ఎండిపోయిన ఏడాది మగ్దలేనమ్మకు తాగే నీళ్లకన్నా పూల చెట్ల దిగులే ఎక్కువయింది. హుజూరాబాద్ దగ్గరి ఆ పల్లెలో ఆదివారం చర్చికి పూలు తెచ్చేది ఆమే. చదువు రాదు, పాట నిలవదు. పెరట్లో పూసిన గులాబీలు, చామంతులు ప్రభువు బల్ల మీద పెట్టడమే ఆమె ఆరాధన. భర్త యెషయా చనిపోయిన వారంలో కూడా అది ఆగలేదు.

గోడవతల సత్తమ్మది సమ్మక్కను కొలిచే ఇల్లు. ట్యాంకరు వచ్చినప్పుడల్లా తన వంతులోంచి ఒక బిందె గోడ మీద పెట్టేది.

“చెట్లకు పొయ్యక్కా. నీ దేవుడు వాడిన పూలు తీసుకుంటడా?”

“మీకే సాలవు గదనే చెల్లె.”

“సాలకుంటే తానం బంద్ వెడ్త. నా వాసన నువ్వు జర ఓర్సుకో.”

ఇద్దరూ నవ్వుకునేవారు. కానీ ఆ బిందె ఎత్తినప్పుడల్లా మగ్దలేనమ్మకు మనసులో ముల్లు గుచ్చినట్టుండేది. ఇంటినిండా మనుషులున్న ఇల్లాలి నీళ్లు తన పూలకా? అందుకే నీళ్లడగని చెట్టు కోసం వెతకసాగింది. కలబంద బతుకుతుంది గాని, బల్ల మీద పెట్టడానికి ఏముంటుంది? కాగితం పూలు కోసిన పూటకే రాలతాయి. చివరికి కరీంనగర్ రోడ్డు నడుమ, లారీల పొగలో, మండుటెండలో గుత్తులుగా పూసిన గన్నేరు కంటబడింది. కొమ్మలు తెచ్చి వానకాలంలో గోడ వారన నాటింది.

“మంచిదే తెచ్చినవ్,” అంది సత్తమ్మ. “శేదు శెట్టు. మా పోతు గూడ మూతి వెట్టదు.”

ఆ మేకపోతు సమ్మక్కది. మనుమడు జ్వరంతో కండ్లు తేలేసిన రోజున తల్లికి మొక్కి, వచ్చే జాతరలో బలి ఇవ్వడానికి సత్తమ్మ దాన్ని సాదుకుంటోంది.

గన్నేరు బతికింది, పూసింది. “ఇంక బిందె వెట్టకు చెల్లె, నీ నీళ్లు నువ్వే వాడుకో,” అని మగ్దలేనమ్మ సంబరంగా చెప్పింది.

మరుసటి ఏడు, ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టలాదివారం దగ్గరపడగా, చెట్లు గుబురుగా పెరిగాయని కొమ్మలు కొట్టి గోడ పక్కనే కుప్పవేసింది. నాలుగు రోజుల ఎండకు ఆకంతా ఎండిపోయింది. పచ్చి ఆకును ముట్టని మేక ఎండాకును తింటుందని ఇద్దరికీ తెలియదు. ఊళ్లో ఎక్కడా పచ్చగడ్డి లేదు. మేకపోతు పొట్టి గోడ దూకి ఆ కుప్పను నమిలింది. పొద్దుగూకకముందే నురగలు కక్కుతూ, కాళ్లు కొట్టుకుంటూ చచ్చిపోయింది.

పశువుల దవాఖాన నుంచి వచ్చిన సంపత్ దాని నోరు తెరిచి చూశాడు. “గన్నేరాకు తిన్నదమ్మా. ఎండితే శేదు తగ్గుతది, విషం తగ్గది.”

సత్తమ్మ ఏడవలేదు. “నీ దేవునికి పూలయినయి. మా తల్లికి నేనేం జూపియ్యాలె?”

“ఇంకో పోతును తెచ్చిస్త చెల్లె. నీ కాళ్లు మొక్కుత.”

“మొక్కినంక అది తల్లిదే. బదులు వెడితే పోరని మీదికస్తది. సంతల మేకనా అది?”

ఈస్టరు నాడు బల్ల మీద ఎవరో కొనుక్కొచ్చిన బంతిపూలు ఉన్నాయి. మగ్దలేనమ్మ చివరి వరుసలో కూర్చుంది. పాస్టరు భార్య ఏంజెల్ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ చేతి వెచ్చదనానికి కళ్లు చెమర్చాయి గాని, ప్రార్థన మాత్రం నోటికి రాలేదు.

మర్నాడు గన్నేరు మొదళ్లకు నరికి, గుంత తీసి పూడ్చేసింది. వేళ్లు మిగిలిపోయాయి. రోహిణి ఎండల్లో, ఒక్క చుక్క నీళ్లు లేకుండానే, వాటి నుంచి ఎర్రటి చిగుళ్లు లేచాయి. తవ్వితే మరో పక్క లేచాయి. రోజూ పొద్దున గడ్డపారతో అదే పని.

ఒకరోజు గోడవతల నుంచి సత్తమ్మ గొంతు వినబడింది. పోతు చచ్చిన నాటి నుంచి అదే మొదటి మాట.

“ఇంక సావలేదా?”

“సావలే చెల్లె. నీళ్లు లేకున్న లేస్తంది.”

“నువ్వు కోరి తెచ్చుకున్నదే గదా,” అని సత్తమ్మ లోపలికి పోయి తలుపు వేసుకుంది.

మగ్దలేనమ్మ గొంతుక్కూర్చుని మరో వేరు కోసం మట్టి తీయసాగింది.