చెప్పకుండా ఖాళీ చేసిన కోట

మా చెల్లెలి కూతురు మాధవి అమెరికాలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటుంది. నాలుగేళ్ళుగా నేనూ ఆ ఇంట్లోనే. మార్చి మొదటి వారంలో ఉన్నట్టుండి, "పెద్దమ్మా, చార్లెస్టన్ చూద్దామా? టికెట్లు బుక్ చేసేశాను" అంది. అది సౌత్ కరొలినాలో సముద్రతీరాన ఉన్న పాత ఊరు. నాకు చరిత్ర ఇష్టం. ఇప్పుడే ఎందుకని అడగలేదు.

శుక్రవారం ఉదయం ఆరు దాటాక న్యూవార్క్‌లో రైలెక్కి, రాత్రి ఏడున్నరకు దిగాం. తెచ్చుకున్న పులిహోర మధ్యాహ్నానికే అయిపోయింది. వెళ్ళేవారు రెండు డబ్బాలు పెట్టుకోవడం మంచిది.

శనివారం పదింటికి టాక్సీలో మౌల్ట్రీ కోటకు వెళ్ళాం. టికెట్టు మనిషికి పది డాలర్లు. ఇటుక గోడలు, గడ్డి మొలిచిన దిబ్బలు, ఎదురుగా నీళ్ళ మధ్య సమ్టర్ కోట. 1860 డిసెంబర్ 26న, అమెరికా అంతర్యుద్ధం ముంచుకొస్తుండగా, ఇక్కడి సైనికులు తమ మేజర్ ఆజ్ఞ మీద మునిమాపువేళ పడవల్లో ఆ కోటకు తరలిపోయారు.

"అధికారులకైనా ముందు తెలుసా?" అని గైడును అడిగాను.

"మేజర్ చివరి నిమిషాల్లో చెప్పాడు. ఆడవాళ్ళనీ పిల్లల్నీ మాత్రం వేరే కోటకని చెప్పి, సామాన్లతో ముందే పడవలెక్కించారు" అందామె.

గోడ మీద గాలి జోరుగా ఉంది. మాధవికి ఫోనొస్తే వినపడక స్పీకర్ పెట్టింది. ఆమె భర్త రవి.

"సోఫా కూడా వెళ్ళిపోయింది. అత్తయ్యగారి పెట్టె తాళం ఎక్కడ?"

"నా దగ్గరుంది నాయనా" అన్నాను.

మాధవి ముఖం పాలిపోయింది. అప్పుడు చెప్పింది. రవి ఉద్యోగం జనవరిలో పోయిందట. వాళ్ళు సింగిల్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్‌కు మారుతున్నారు. నన్ను కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో తన తమ్ముడు కిరణ్ ఇంటికి పంపాలని ఆలోచన.

"నువ్వు టెన్షన్ పడతావని చెప్పలేదు పెద్దమ్మా."

"కిరణ్‌కి చెప్పావా?"

తల అడ్డంగా ఊపింది.

"ఆ మేజర్ నీ దగ్గర నేర్చుకోవాల్సింది" అన్నాను.

ఆదివారం పదింటికి తిరుగు రైలు. రైలు కదిలిన తర్వాత కిరణ్‌కు నేనే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"అక్క నాకొక్క మాట చెప్పలేదేంటి!" అని అరిచి, "కింద రూమ్ నీదే. ఎప్పుడొస్తావ్?" అన్నాడు.

"వస్తానని ఎవరన్నారు? గదుందా అని అడిగానంతే. ఆ చిన్న ఇంట్లో ముగ్గురం పడతామో లేదో నా కళ్ళతో చూసుకుని చెప్తాను."

మౌల్ట్రీ చూడటానికి రెండు గంటలు చాలు. మేజర్‌ను నేను తప్పుపట్టను; అందరినీ క్షేమంగా దాటించాడు. పడవల్లోని ఆడవాళ్ళు ఏమన్నారో మాత్రం నాకు అక్కడ ఏ బోర్డు మీదా కనపడలేదు.

మాధవి కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఫోన్ తీసి, "రవీ, పెద్దమ్మ రూమ్ టచ్ చేయకు. తనే వచ్చి సర్దుకుంటుంది" అంది.