ఐదో రవ్వ

నేను ఇన్నేళ్లు మోసిన బరువు నువ్వుగింజలో సగం కూడా ఉండదు. అరచేతిలో పెట్టుకుని ఊదితే ఎగిరిపోతుంది. అయినా మోయలేకపోయాను. ఇంట్లోవాళ్లకు చెబితే అర్థం కాదు. అర్థమయ్యేవాళ్లకు చెప్పే ధైర్యం లేదు. రాసి పెడదామంటే అక్షరాలు రావు. యాభై దాటాక మనవరాలి పలక మీద నేర్చుకున్నాను. ఇక ఆ సాకు కూడా లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది ఖాజాగూడ. ఇప్పుడున్న అద్దాల మేడలు అప్పుడు లేవు. బండరాళ్లు, చెరువు, జొన్నచేలు, అంతే. డెబ్బైల మొదట్లో నేను రెండు బస్సులు మారి ఒక ప్రయోగశాలకు రోజుకూలికి పోయేదాన్ని. మొదట అక్కడి క్యాంటీన్‌లో బియ్యం ఏరాను. ఒకరోజు పెద్దసారు చాయ్ తాగుతూ నా చేట వంకే చూస్తూ నిలబడ్డారు. రాయి, వడ్లగింజ, మట్టిబెడ్డ, ఏదీ నా వేలిని తప్పించుకుపోలేదు. "ఈమె కళ్లు మాకు కావాలి" అన్నారు. మర్నాటి నుంచి బియ్యం మానేసి ఇసుక ఏరాను.

అనంతపురం వైపు నుంచి తెచ్చిన రాళ్లను పొడిచేసి, ఆసిడ్లలో కరిగిస్తే మిగిలే ఇసుక అది. భూతద్దం కింద, తెల్ల పింగాణీ పళ్లెంలో, తడిపిన కుంచె మొనతో అందులోంచి వజ్రపు రవ్వలను ఏరాలి. ఉంగరాల్లో మెరిసేవి కావు. గోధుమరంగువి, మసకవి, బజారులో ఎవరూ కొననివి. కానీ వజ్రమన్న మాట ఒక్కటి చాలదా? సాయంత్రం గేటు దగ్గర వాచ్‌మన్ నా టిఫిన్ డబ్బా మూత ఎత్తి రోజూ అదే మాట అనేవాడు.

"ఏందమ్మా, ఇయ్యాల ఎన్ని వజ్రాలు కొట్టేసినవ్? జర మా ఇంటిదానికి ఒక ముక్కుపుల్లన్న చేపియ్యరాదు!"

అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. నవ్వుతూనే భయపడేదాన్ని.

ఆ రవ్వల మీద పరిశోధన చేసేది విమలమ్మ. కాకినాడ అమ్మాయి, నా ఈడుదే. నన్ను అక్కా అని పిలిచేది. నాకేం అర్థమవుతుందిలే అనుకోకుండా అన్నీ చెప్పేది. బొగ్గు, వజ్రం ఒకే పదార్థమట. అందులో బరువు రకం, తేలిక రకం రెండూ కలిసి ఉంటాయట. ఆకుల్లో, నూనెల్లో తేలికది ఎక్కువ. నూరు మైళ్ల లోతున పుట్టిన వజ్రాల్లో మామూలుగా అంత ఉండదు. "కానీ అక్కా, ఎప్పుడో నేలపైన ఉన్న ఆకూ అలమూ లోపలికి దిగబడి వజ్రమైపోయిందనుకో, దాని లెక్క వేరుగా వస్తుంది కదా?" అనేది. ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖం చూడాలి. వజ్రం నీటికి తడవదని, నూనెకు మాత్రం అతుక్కుంటుందని చెప్పింది కూడా ఆమే.

ఒకే రాతిలోంచి ఐదు రవ్వలు దొరికాయి. ఆ రాతిలో ఇంకేమీ మిగల్లేదు. ఆ ఐదింటినీ విడివిడిగా కాల్చి, వచ్చిన గాలిలో ఆ బరువు, తేలికల లెక్క కట్టి, ఒకే రాతిలో పుట్టినవన్నీ ఒకేలా ఉంటాయా అని చూడటమే ఆమె పని. మూడేళ్ల చదువు ఆ ఐదు రవ్వల మీద నిలబడి ఉంది.

ఆ మధ్యాహ్నం వాటిని సీసాలోంచి గిన్నెలోకి మార్చమంది. నాలుగు మార్చాను. ఐదోదాన్ని కుంచె మీదికి ఎత్తాను. నుదుటి మీద వెంట్రుక పడింది. కుంచె పట్టుకున్న చేత్తోనే వెనక్కి తోసుకున్నాను. మళ్లీ చూస్తే కుంచె మీద రవ్వ లేదు.

బల్ల వెతికాను. ఒడి దులిపాను. తడిగుడ్డతో నేలంతా ఒత్తాను. లేదు. విమలమ్మ అడుగుల చప్పుడు వరండాలో వినిపించింది. వజ్రం పోయిందంటే ఎవరు తీశారంటారు? డబ్బా మూత ఎత్తి చూసేది ఎవరిది?

పక్కన ఇంకో సీసా ఉంది. కృష్ణ ఒడ్డు కంకరలో దొరికిన రవ్వలు, ఇంకా లెక్కపెట్టనివి. అందులోంచి ఒకటి తీశాను. అదే రంగుది, అదే సైజుది, ఎంచి మరీ తీశాను. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు. చీటీలు చదవలేను కాబట్టి గుర్తుకోసం రాతి రవ్వల సీసాకు ఎర్రదారం, ఏటి రవ్వల సీసాకు నీలందారం కట్టుకున్నది నేనే.

"ఐదూ వేశావా అక్కా?"

"ఏసిన."

మర్నాడు పొద్దున పేలదువ్వెనతో తల దువ్వుకుంటుంటే పళ్ల మధ్య అది కనిపించింది. నా నూనెతలకు అతుక్కుని, వాచ్‌మన్ ముందు నుంచే మా ఇంటిదాకా వచ్చింది.

అప్పటికింకా కాల్చలేదు. ఇది మీరు గుర్తుంచుకోవాలి. అప్పుడు చెబితే సరిపోయేది. కొంగున ముడివేసుకుని పనికి పోయాను. విమలమ్మ రవ్వలకు అంటిన జిడ్డూ మురికీ పోవాలని ఆసిడ్‌లో మరిగిస్తోంది. నోరు తెరిచాను. ఆమె "ఏంటక్కా?" అంది. ఇంటికి తీసుకుపోయానని చెప్పాలా? గిన్నెలో వేరేది వేశానని చెప్పాలా? ఒకటి చెబితే రెండోది చెప్పాలి. "ఏం లేదమ్మా" అన్నాను. సాయంత్రం మా చెరువు నీళ్లలో కొంగు ముడి విప్పాను.

మూడో రోజు కాల్చారు. వజ్రం కాలుతుందని నేను అంతవరకు నమ్మలేదు. బూడిద కూడా మిగల్లేదు. దాచను, ఆ క్షణాన నాకు కలిగింది సంతోషమే. ఇక ఎవరికీ తెలియదనుకున్నాను. మిగిలిన గాలిని ఐదు గాజుగొట్టాల్లో మూసి, వేరే ఊళ్లో ఉన్న యంత్రానికి పంపారు. రెండు నెలలు. ప్యూను కాగితాలు పట్టుకుని వరండాలోకి వచ్చినప్పుడల్లా నా కుంచె ఆగిపోయేది.

చివరికి ఆ ఉత్తరం సారు చేతిలో వచ్చింది.

"నాలుగు ఒకేలా ఉన్నాయి. ఐదోది ఏమిటిలా?"

"అది నిజమే అయితే అండీ?" విమలమ్మ గొంతులో ఆశ ఉంది.

"ఒకే రాతిలో నాలుగు ఒక తీరు, ఒకటి ఇంకో తీరా? ఇంత తేలిక బొగ్గు నూనెలో ఉంటుంది. తలకేం రాస్తావు?"

"కొబ్బరినూనె అండి. కానీ మూడుసార్లు మరిగించానండి."

"మరిగించాక నీ చెయ్యి తలమీదికి పోయింది. అక్కణ్నుంచి నూనె గిన్నెలోకి వచ్చింది."

ఆమె నా వైపు తిరిగింది. "అక్కా, నువ్వు వేసినవి ఐదూ ఎర్రదారం సీసాలోవేనా? గుర్తు చేసుకో. నేను కోప్పడను."

కోప్పడను అంది. ఇప్పటికీ ఆ మాటే వినిపిస్తుంది.

"నాకేం ఎరుకమ్మా? నాకు అచ్చరం ముక్క రాదు. మీరు ఏయమన్నయే ఏసిన."

సారు కసురుకున్నారు, నన్ను కాదు. "నీ తప్పు చదువురాని మనిషి మీదికి తోస్తావా? సిగ్గుండాలి."

విమలమ్మ తల వంచుకుంది. నేనూ వంచుకున్నాను. నాకు చదువు రాదన్నది నిజం. ఆ నిజంతోనే నేను అబద్ధమాడాను.

ఒకటి చెడితే మిగతా నాలుగింటినీ ఎలా నమ్మేదన్నారు. మళ్లీ కాల్చడానికి రవ్వలు లేవు. ఆమె పని మూలన పడింది. ఆమె తలకు నూనె రాయడం మానేసింది. పొడిబారిన జుట్టు గడ్డిలా లేచి ఉండేది. చేతులు ఎన్నిసార్లు కడుక్కునేదో, వేళ్ల సందుల్లో చర్మం పగిలింది. ఏడాది తర్వాత వెళ్లిపోతూ నాతో అంది: "నా చేతుల మీద నాకే నమ్మకం పోయిందక్కా." నేను ఆమె పెట్టె మోసి బస్సు ఎక్కించాను. అంతే చేశాను.

తర్వాత తర్వాత ఇంకొకటి తోచింది. సారు నూనె అన్నది నూనె కాదేమో. ఏటి రవ్వలో నిజంగానే ఆ తేలిక బొగ్గు ఉందేమో. ఆమె వెతుకుతున్నది ఆ నీలందారం సీసాలోనే ఉందేమో. నూనె అనుకున్నారు కాబట్టి ఎవరూ చూడలేదు. నేను ఒక్క మాట చెప్పి ఉంటే? వజ్రాలదొంగ అనిపించుకుని రోడ్డున పడేదాన్ని, నిజమే. కానీ ఆమె నిలబడేది.

కొన్నేళ్ల కిందట చందానగర్ మార్కెట్‌లో ఒకామె వంకాయలు ఎంచుతుంటే విమలమ్మే అనిపించింది. నెరిసిన జుట్టు. నూనె లేదు. నాలుగడుగుల దూరం. నేను వెనక్కి తిరిగి నడిచాను. అప్పటికి నాకు అక్షరాలు వచ్చు. మరి అప్పుడెందుకు చెప్పలేదు? భయపడ్డానా? ఆమె నిజంగానే కోప్పడకపోతే ఎలా అని భయపడ్డానా? నాకే తెలియదు.

క్షమించమని రాయడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు. ఇది ఆమెదాకా పోతుందో లేదో కూడా తెలియదు. ఎక్కడో ఒకచోట ఉండాలని రాస్తున్నాను. విమలమ్మ చేతికి నూనె లేదు. ఐదో రవ్వను మార్చింది నేను.

రాశాక వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, మళ్లీ చదివాను. అదే ఉంది.