ఒండ్రులో కలిసిన పసుపు

మా జిల్లాల నుంచి సముద్రం చాలా దూరం. నేనే ఉద్యోగంలో చేరాక గానీ దాన్ని చూడలేదు. అలాంటిది, సముద్ర పరిశోధనకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే డబ్బుతో వనపర్తిలో మా కాలేజీ ల్యాబ్ నడుస్తోందంటే జనానికి నవ్వులాటగా ఉండేది. "ఏం మేడమ్, వనపర్తికి అలలు ఎప్పుడొస్తయి?" అని లెక్కల సారు స్టాఫ్‌రూమ్‌లో రోజూ అడిగేవాడు.

సంగతి చిన్నదే. కృష్ణా నది సముద్రంలో కలిసే చోట చేపపిల్లలు ఎందుకు తగ్గుతున్నాయో తెలుసుకోవాలని తీరంలోని ఒక యూనివర్సిటీ పూనుకుంది. అక్కడి బురదలోని పురుగులే ఆ పిల్లలకు తిండి. ఆ బురద ఏటి వెంట మా వైపు నుంచి పోయే ఒండ్రు. ఎగువన ఇంకో విద్యాసంస్థ భాగస్వామిగా ఉంటేనే ప్రభుత్వం డబ్బిస్తుందట. అందుకని వాళ్లే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. జంతుశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి పని నా మీద పడింది. వాళ్లు రావడం నాకు నచ్చింది. అడగడం మా ఇంట్లో లేదు. గద్వాల వైపు ఏటి ఒడ్డున ఒకప్పుడు మా తాతల కింద ఊళ్లుండేవి. ఇప్పుడు నాకున్నది రెండు గదుల అద్దె ఇల్లు, బస్సు పాసు. అయినా ఆ ఒడ్డున నన్ను దొరసాని అనే పిలుస్తారు. వద్దని నేనూ అనలేదు.

ప్రాజెక్టులో నాతో పనిచేసే స్కాలర్ గద్వాల నేతగాళ్ల అమ్మాయి. ఆమె ఫెలోషిప్ ఈ డబ్బులోంచే రావాలి. తండ్రికి చూపు మందగించి మగ్గం ఆగిపోయింది కాబట్టి ఇల్లు కూడా దాని మీదే గడిచేది. రెండో విడత మంజూరు కాకపోతే ఆమె చదువు అక్కడితో ఆగిపోతుంది. ఆ మాట ఆమె ఎప్పుడూ అనలేదు. ఇద్దరికీ తెలుసు.

ఒండ్రు పట్టడానికి ఏట్లో ఒక ఇనుప గుంజ పాతి, దానికి మూతి పైకి తెరిచిన గొట్టాలు కట్టాలి. నీళ్లలో కొట్టుకొచ్చే మన్ను మెల్లగా అందులోకి దిగుతుంది. గుంజ పాతిన రోజు, మమ్మల్ని గుండ్రటి బుట్టలాంటి పుట్టిలో తీసుకెళ్లిన పెద్దమనిషి చేతిలో తెడ్డు ఆపేశాడు.

"దొరసాని, మీ ఇంటోళ్లు గంగమ్మకు టెంకాయ కొట్టకుంట ఏట్ల ఏ పనీ షురూ చెయ్యలె. మీరు చేస్తరా?"

ఒడ్డున జనం చూస్తున్నారు. నేను కాయ తెప్పించి, గుంజకు కొట్టి, నీళ్లు చల్లాను. అది భక్తి కాదు, మా ఇంటి పద్ధతి. నాతో తప్పిపోయిందని అనిపించుకోవడం ఇష్టం లేకపోయింది.

వానాకాలం అయిపోయి ఏరు మోకాలి లోతుకు దిగిన రోజుల్లో తీరం నుంచి ప్రొఫెసర్ గారు ఫోన్ చేశారు. గొంతులో ఉత్సాహం దాగలేదు.

"మేడమ్ గారూ, మీరు పంపిన మట్టిలో సీసం కనబడుతోందండీ. రంగు కూడా ఉంది. పైన ఏదైనా రంగుల ఫ్యాక్టరీ ఉందా? ఇది పెద్ద విషయమండీ. రివ్యూ కమిటీ ముందు పెడితే రెండో విడత ఆగదు."

మాకు తెలిసినంతలో అక్కడ రంగుల ఫ్యాక్టరీ లేదు. ఫోన్ పెట్టేశాక ఒక సంగతి గుర్తొచ్చింది. గొట్టాల దగ్గర పూలు నేను చూశాను. ఎగువ నుంచి కొట్టుకొచ్చాయనుకున్నాను. ఆ శుక్రవారం స్కాలర్‌ను తీసుకుని చెప్పకుండా ఏటికి పోయాను.

గుంజకు రవికె గుడ్డ చుట్టి ఉంది. నలుగురైదుగురు ఆడవాళ్లు నీళ్లలో నిలబడి చెంబులతో పసుపు నీళ్లు గొట్టాల మూతుల్లో పోస్తున్నారు. ఒకామె కాగితం పొట్లం విప్పి కుంకుమ వంపుతోంది. సంతలో దొరికే, చేతికి అంటితే రెండు రోజులు పోని కుంకుమ. సీసం ఉండేది అలాంటి రంగులోనే.

"ఏం చేస్తున్నారమ్మా?"

"మొక్కుతున్నం, దొరసాని. మీ గంగమ్మే గద."

"మా గంగమ్మ ఏమిటి?"

"గట్లంటరేంది? టెంకాయ గొట్టి నిలవెట్టింది మీరే గద. మా మనుమనికి జరం దిగింది ఈడ మొక్కినంకనే."

పక్కనున్న ముసలామె స్కాలర్ వైపు చెయ్యి చూపింది. "గొట్టంలది యాడికి తీస్కపోతరు బిడ్డా అంటె, సముద్రానికి పోతదని ఈ పిల్లనే చెప్పింది. మేమెన్నడు పోతం సముద్రానికి? మా పసుపన్న పోతదని జర ఎక్కువనే పోస్తున్నం."

స్కాలర్ తల వంచుకుంది. మా తాతలైతే ఒక్క మాటతో ఆపించేవారు. ఇది మందిరం కాదని నేను అన్నాను. వాళ్లు మర్యాదగా విన్నారు. నేను ఒడ్డెక్కేలోపే చెంబులు మళ్లీ వంగాయి.

ప్రొఫెసర్ గారికి ఫోన్‌లో ఉన్నదున్నట్టు చెప్పాను. "సీసం ఉన్న మాట అబద్ధం కాదు కదండీ. ఎలా వచ్చిందో తరువాత చూసుకుందాం. ముందు డబ్బు రానివ్వండి," అన్నారు. చెడ్డవాడు కాదు. ఆయన దగ్గరా ఫెలోషిప్‌ల మీద బతికే పిల్లలున్నారు.

రివ్యూకు తీరానికి పోయే బస్సులో స్కాలర్ నా పక్కన కూర్చుంది. కర్నూలు దాటాక అంది:

"చెప్తె నా ఫెలోషిప్ పోతది, మేడమ్. చెప్పకుంటె గా సీసం నా థీసిస్‌ల జిందగీ అంత ఉంటది."

"నీకేది నయం?"

"నన్నడుగుతరేంది? ఇంట్ల నాయిన ఉన్నడు." తరువాత, నా వైపు చూడకుండానే, "చెప్పుండ్రి," అంది.

కమిటీ గది కిటికీ అవతల సముద్రం. నేను లేచి, నిటారుగా నిలబడి, ఈ విడత మా నమూనాలు పరిశోధనకు పనికిరావని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. ఎవరో నవ్వారు. అధ్యక్షుడు నవ్వలేదు.

"మరి ఇంకో విడత మీకెందుకు ఇవ్వాలి?"

మా ఇంట్లో ఇలాంటి చోట మాట ఆపేసి బయటికి వచ్చేస్తారు. ఎదురుగా ఉన్న బల్ల అంచు పట్టుకున్నాను. "ఒక్క వర్షాకాలం ఇవ్వండి. ఆ గుంజ వాళ్లకే వదిలేస్తాం. పైన, లోతు నీళ్లలో ఇంకోటి పాతుతాం. ఈసారి టెంకాయ కొట్టే పద్ధతేదీ ఉండదు. ఈ అమ్మాయి చదువు మధ్యలో ఉంది. అడుగుతున్నాను," అన్నాను. చివరి మాట మెల్లగా వచ్చింది. మళ్లీ అనమంటారేమోనని భయపడ్డాను. ఆయన తల ఊపి కింద ఏదో రాసుకున్నారు.

ఉత్తర్వు వేసవి మధ్యలో వచ్చింది. తీరం యూనివర్సిటీకి పూర్తి మంజూరు. మా భాగం మాత్రం వరద తీసేదాకా. అప్పటి నమూనాలు చూసి మిగతాది ఆలోచిస్తారట.

"వరద తీసేదాక అంటె నౌకరీ ఉన్నట్టా లేనట్టా, మేడమ్?" స్కాలర్ అడిగింది.

"ఉన్నట్టే," అన్నాను. నా మాట నాకే నమ్మకంగా అనిపించలేదు.

అలంపూర్‌లో ఇళ్లు మునిగిన ఏడాది బురదలో నడిచి వచ్చిన మా బంధువులను చూశాను. అలాంటిది ఇప్పుడు వరద రావాలని కోరుకుంటూ, పొద్దున లేవగానే ఎగువ ఆనకట్ట గేట్లు ఎత్తారా అని ఫోన్‌లో చూస్తాను. జూన్ పోయింది. ఆకాశం తెల్లగానే ఉంది. పుట్టి నడిపే పెద్దమనిషికి ఫోన్ చేస్తే, "నీళ్లు ఇంక తేటగనే ఉన్నయి దొరసాని, మన్ను లేదు," అంటున్నాడు. రేపు మళ్లీ చేస్తానని పెట్టేస్తున్నాను.