కాథ్లీన్ అరెస్టు కబురు

కూచిపూడి నేర్చుకున్న తొమ్మిదేళ్లూ ఆశ్రిత వెనక వరుసలోనే నిలబడింది. ముందు వాళ్లకు ఫొటోలూ పేర్లూ. వెనక వాళ్లంతా కలిపి "బృందం". వరంగల్ నుంచి ఐర్లండ్‌లోని లిమరిక్ వచ్చి చరిత్రలో ఎమ్మే చేస్తున్నప్పుడు, థీసిస్‌కు ఏ విషయమని గైడ్ అడిగితే ఆమెకు ఆ బృందమే గుర్తొచ్చింది. వందేళ్ల కిందట ఐర్లండ్ నుంచి వెళ్లి, న్యూయార్క్, షికాగో నాటకశాలల్లో, నైట్‌క్లబ్బుల్లో గుంపుగా నాట్యం చేసిన అమ్మాయిల గురించి రాస్తానంది.

వెతగ్గా వెతగ్గా నోరా దొరికింది. ఎనభై ఎనిమిదేళ్ల రిటైర్డ్ టీచరు, లిమరిక్ దగ్గరి కిల్మలక్ ఊళ్లో ఒక్కతే ఉంటుంది. ఆమె పెద్దమ్మ కాథ్లీన్ మోరన్ ఇరవై ఏళ్ల వయసులో, 1924లో, న్యూయార్క్ వెళ్లింది. నాటకశాలలో రోజుకు రెండు ఆటలు, అవి కాగానే క్లబ్బులో ఇంకోటి. కాళ్ల బొబ్బలు, ఈకల టోపీ బరువు, అద్దెగదిలో నలుగురికీ కలిపి ఒకే అద్దం, అన్నీ ఉత్తరాల్లో రాసేది. ఆఖరిది 1926 నవంబరులో వచ్చింది. ఆ తర్వాత ఉత్తరాల్లేవు.

"ఆమె గురించి ఏం తెలిసినా నాకు చెప్పు," అంది నోరా ఉత్తరాల కట్ట చేతికిస్తూ.

మూడు నెలల తర్వాత ఆశ్రితకు 1928 మార్చి నాటి న్యూయార్క్ పత్రికలో చిన్న వార్త కనిపించింది. అమెరికాలో మద్యనిషేధం నడుస్తున్న రోజులవి. దొంగచాటు బారు మీద పోలీసులు దాడి చేశారు. పట్టుబడ్డవాళ్ల పేర్లలో "లిమరిక్‌లో పుట్టిన నర్తకి కాథ్లీన్ మోరన్, 24" అని ఉంది. మర్నాడు వదిలేశారట.

ఈ అరెస్టు సంగతి నోరాకు ఎలా చెప్పాలి? నోరా రోజూ చర్చికి వెళ్లే మనిషి. గోడ మీద ఏసు పటం పక్కనే కాథ్లీన్ ఫొటో. రెండు వారాలు ఆశ్రిత ఆమెకు ఫోన్ చేయలేదు. చివరికి క్లాస్‌మేట్ రోహిత్‌కు చెప్పుకుంది.

"చెప్పకుంటే ఏమైతది?" అన్నాడతను.

"థీసిస్‌ల రాస్త గదా. రేపు ఇంకెవరో చెప్తే ఎక్కువ బాధపడ్తది."

"అయితే పోదాం పా. కారు నేను తీస్త."

ఆదివారం మధ్యాహ్నం నోరా ఇద్దరికీ టీ పోసింది. ఆశ్రిత ఆ వార్త ఉన్న కాగితం ఇచ్చింది. నోరా భూతద్దం పెట్టి చదివింది, మళ్లీ మొదటికొచ్చింది.

"ఈ తేదీ సరైనదేనా? పంతొమ్మిది వందల ఇరవై ఎనిమిదేనా?"

"అవును. క్షమించండి నోరా, మీకు ఎలా చెప్పాలో..."

నోరా భూతద్దం కింద పెట్టింది. "ఆ చివరి ఉత్తరంలో దగ్గు తగ్గడం లేదని రాసింది, చూశావుగా. ఆ ఆటపాటలు మానేదాకా ఉత్తరాలు రాయొద్దని మా తాతయ్య, అంటే ఆమె నాన్న, జవాబిచ్చాడు. ఆ తర్వాత ఏ కబురూ లేదు. ఆ చలికాలంలోనే, దిక్కులేకుండా చచ్చిపోయిందనుకున్నారు. అమ్మ బతికినన్నాళ్లూ నవంబరు రాగానే చర్చిలో కొవ్వొత్తి వెలిగించి ఏడ్చేది. ఆ తర్వాత నేను వెలిగిస్తున్నాను."

మళ్లీ కాగితం చూసింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని ఆశ్రిత లేవబోయింది. నోరా నవ్వుతోంది.

"చచ్చిపోయిందనుకున్న పిల్ల ఏడాది దాటాక పోలీసు బండెక్కింది. దగ్గు తగ్గింది. ఇంకా నాట్యం చేస్తోంది. గ్రాండ్, అమ్మాయీ, ఇది గ్రాండ్." అప్పుడు కళ్లు తుడుచుకుంది. "నాకొక కాపీ కావాలి. చర్చిలో ఫాదర్‌కు చూపించాలి."

ఆశ్రిత రెండు వారాలుగా మోస్తున్న బరువు ఒక్కసారిగా దిగిపోయింది. నోరా ప్లేటు జరిపితే వరసగా మూడు ముక్కలు కేకు తినేసింది.

తిరుగు దారిలో రోహిత్, "ఇరవై ఎనిమిది తర్వాత ఏమైందంటవ్?" అని అడిగాడు.

"తెల్వది. షికాగో పేపర్లు ఇంకా చూడలే," అంది ఆశ్రిత, సీటు వెనక్కి వాల్చుకుంటూ. లిమరిక్ వచ్చేదాకా హాయిగా నిద్రపోయింది.