అడవి మనిషి థాలర్ మీద ప్రెల్ గారి అనుమానం

కూనిబెర్ట్ ప్రెల్‌కి ఉన్న జబ్బల్లా ఒకటే, అనుమానం. గోస్లార్ ఊళ్లో థాలర్ల లాంటి పాత వెండి నాణేలు అసలువో నకిలీవో తేల్చి చెప్పడం ఆయన పని. ఆ అనుమానాన్ని దుకాణంలో పెట్టి తాళం వేసి వచ్చుంటే, ఇల్లు చూసుకునే అక్క వాల్‌బుర్గా ఇంకాస్త సుఖంగా బతికేది. కానీ ఆయన పొద్దున్నే రొట్టెను బల్లకేసి కొట్టి మోత వినేవాడు. గుడ్డును భూతద్దంలో చూసేవాడు. కొత్తగా వచ్చిన పాస్టర్‌ది పెట్టుడు గడ్డమని ఆరు నెలలు గొణిగి, చివరికి దీవెన తీసుకునే వంకతో లాగి చూశాడు.

"ఏం తేలింది?" అంది అక్క.

"గట్టిగానే అతికించాడు."

దుకాణానికి వచ్చేవాళ్లకూ ఇదే మర్యాద. "ఇది మా ముత్తాత దాచిన థాలరండీ" అని ఎవరైనా ముచ్చటగా చెబితే, "ముత్తాత అసలువాడేనా?" అనేవాడు.

ఒక గురువారం హెడ్డా ఓకెల్మన్ అనే పెద్దావిడ వచ్చింది. గని కార్మికుడి భార్య, భర్త పోయి ఏడాది. రుమాలు విప్పి ఒక థాలర్ బల్ల మీద పెట్టింది. చెట్టు పట్టుకుని నిలబడ్డ అడవి మనిషి బొమ్మ.

"మా పెళ్లికి మా ఆంటన్ తను వాయించే అకార్డియన్ ఇచ్చేసి సంతలో ఇది తెచ్చాడండీ. అకార్డియన్ అమ్మిన డబ్బు తాగేసి బొమ్మ బిళ్ల తెచ్చాడని బీరు దుకాణంలో వాళ్లంతా నవ్వారు. ఆయన పోయేదాకా నవ్వుతూనే ఉన్నారు. మీరు చెప్పండి."

కూనిబెర్ట్ నాణేన్ని వేలి కొన మీద నిలిపి మీటాడు. వెండి అయితే మోత గంటలా సాగాలి. 'టక్' మని చచ్చింది. అంచు చుట్టూ, అసలు నాణేనికి ఉండని, పోత పోసిన అతుకు గీత. కాఫీ తెచ్చిన వాల్‌బుర్గాకే గుమ్మంలో ఉండగా తెలిసిపోయింది.

"అనుమానంగా ఉందమ్మా. వచ్చే గురువారం రండి" అన్నాడు.

ఆ వచ్చే గురువారమూ అదే మాట. ఆ పైవారమూ అదే. వేసవి పోయి ఆకులు రాలడం మొదలైంది. హెడ్డా ప్రతి వారం ప్లమ్ పళ్ల కేకుతో వచ్చి, ఆశగా కూర్చుని వెళ్తోంది.

వాల్‌బుర్గాకి ఒళ్లు మండింది. "ఒరేయ్, అది నకిలీ అని నీకు తెలీదా?"

"తెలుసు."

"మరి పెద్దావిడని ఎందుకు తిప్పుతున్నావు? కేకు కోసమా?"

"నాకు నాణెం మీద అనుమానం లేదక్కా. నవ్వినవాళ్ల మీద అనుమానం."

ఆ మాట ఆవిడకి అర్థం కాలేదు. పైగా తమ్ముడికి ఊరూరి నుంచీ ఉత్తరాలు రావడం మొదలైంది, కొన్ని ఆడవాళ్ల చేతిరాతతో. ఈ వయసులో ఇదేం బుద్ధి అనుకుని ఒక కవరు కెటిల్ ఆవిరికి పట్టి విప్పింది. లోపల ఇంకో అడవి మనిషి థాలర్!

తర్వాతి గురువారం కూనిబెర్ట్ బల్ల మీద ఏడు థాలర్లు వరసగా పేర్చాడు. "ఆ సంతలో ఇలాంటివి తీసుకున్నవాళ్ల కోసం ఊరూరికీ ఉత్తరాలు రాశాను. చూడండమ్మా, ఏడింటికీ ఎడమ చెవి పక్కన ఇదే బొడిపె. అన్నీ ఒకే మూసలో పోసినవి. మీది నకిలీయే."

హెడ్డా మొహం వాడిపోయింది. రుమాలు మడత పెట్టబోయింది.

"ఆగండి. ఇది ఓస్టెరోడె నుంచి ఒక రిటైరైన పంతులు గారు రాసింది." కళ్లజోడు సర్దుకుని చదివాడు. "'మా నాన్న తన గడియారం ఇచ్చి సంతలో ఒక మోసగాడి దగ్గర ఈ థాలర్ తీసుకున్నాడు. వరసలో మా ముందున్న ఒక బక్కపలచటి కుర్రాడు ఎర్ర అకార్డియన్ ఇచ్చి తీసుకున్నాడు. ఇచ్చేముందు ఒక్క పాట వాయిస్తానన్నాడు. చివర్లో తాళం తప్పాడు.'"

హెడ్డా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత పకపకా నవ్వింది. "ఎప్పుడూ చివర్లోనే తప్పేవాడండీ! మా ఆంటనే!"

కూనిబెర్ట్ టోపీ పెట్టుకున్నాడు.

"ఎక్కడికిరా?" అంది వాల్‌బుర్గా.

"బీరు దుకాణానికి. మీరిద్దరూ రండి."

అక్కడ అందరి మధ్యా నిలబడి ఉత్తరం గట్టిగా చదివాడు. అందరికంటే ఎక్కువ నవ్విన ముసలాయన లేచి, టోపీ తీసి, హెడ్డాకి తన కుర్చీ జరిపాడు.

మూలనున్న ఒకాయన మాత్రం గొంతు సవరించుకుని, "ఆ ఉత్తరం అసలుదేనంటారా?" అన్నాడు.

కూనిబెర్ట్ భగ్గుమన్నాడు. "ప్రతిదానికీ అనుమానమేనా? మనిషన్నాక కాస్త నమ్మకం ఉండాలయ్యా!"

వాల్‌బుర్గా నవ్వాపుకోలేక బల్ల పట్టుకుని కూలబడింది.