టీకా ఒకటే, తాత్పర్యం వేరు

కూర్మన్నపాలెంలో మా పారాయణ మండలికి శ్లోకం చదివి టీకా తాత్పర్యం చెప్పే పని నాది. ఆ సాయంత్రం, రోజూ ఒక్క గుక్కలో చదివే పాదం మధ్యలో నాకు ఊపిరి అందలేదు.

అప్పటికే మండలిలో చాలామందికి కోవిడ్ వచ్చింది. మిరియాల కషాయం తాగి లేచి తిరిగారు. అందరం ఒకే క్యాంపులో ఒకే టీకా వేయించుకున్నవాళ్ళం. నాకూ కోవిడే, నన్ను మాత్రం ఆసుపత్రిలో సీటీ స్కాన్ తీసి ఐసొలేషన్ గదిలో పెట్టారు.

కొన్నేళ్ళ కిందట మా అక్క నాకు కిడ్నీ ఇచ్చింది. అది నిలవడానికి, ఒంటి రోగనిరోధక శక్తిని తగ్గించే ఇమ్యునోసప్రెసెంట్ మాత్రలు వాడుతున్నాను. డాక్టరమ్మ అన్నారు: "మాత్రలు తగ్గించకపోతే లంగ్స్ కోలుకోవు. తగ్గిస్తే కిడ్నీ రిజెక్ట్ కావచ్చు. చూసుకుంటూ తగ్గిస్తాం."

ముక్కూ నోరూ బిగించిన ఆక్సిజన్ మాస్కు. తెరవని కిటికీ. ఒక్క రోజు తప్ప ఏడాది పొడవునా చందనం పూత కింద ఉండే అప్పన్న స్వామి గుర్తొచ్చాడు. ఆయనకు ఊపిరాడుతోందా అనిపించింది. తప్పని చెంపలు వేసుకుందామంటే చేతికి సెలైన్.

నర్సు ఫోను పట్టుకుంటే మండలి పెద్దావిడ నూకాలమ్మ పిన్ని అడిగింది: "ఒకే సూది గదే మనందరికీ! నీకే ఏటిలాగైపోనాది? నేమం గానీ తప్పినావేటే?"

పిన్ని చేతిలోంచి అక్క ఫోను లాక్కుంది. "ఒలే, నా కిడ్నీ గురించి బెంగెట్టుకోకు. ఇచ్చీసింది ఎనక్కడగను. నువ్వుంటే సాలు."

పిన్ని మాట ముల్లులా ఉండిపోయింది. మాస్కు తీసిన కాసేపట్లో డాక్టరమ్మను అడిగాను: "పేపర్లో టీకా అంత బాగా పనిచేస్తుందని రాశారు కదండీ, మరి నాకు?"

"ఆ లెక్క మీలాంటి పేషెంట్ల మీద కొలిచింది కాదమ్మా. ఎక్కువగా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మీద, వేసిన కొత్తలో, అప్పటి వైరస్ మీద. ఇప్పుడు వైరస్ మారింది, మీ డోసూ పాతబడింది. మీవాళ్ళకి ఇదివరకే ఓసారి కోవిడ్ వచ్చిపోయుంటే ఆ బలమూ కలిసొచ్చింది. మీ మాత్రలేమో యాంటీబాడీలను సరిగా తయారవనివ్వవు. అయినా టీకా మిమ్మల్ని కొంత కాసే ఉంటుంది. ఎంతన్నది ఒక్క మనిషిని చూసి కచ్చితంగా చెప్పలేం."

మూలం ఒకటే అయినా ఎవరి కాలానికి, ఎవరి శిష్యులకు తగ్గట్టు వాళ్ళు తాత్పర్యం రాస్తారని మండలిలో చెప్పేది నేనే. ఈ టీకాకూ అంతేనని ఆ మంచం మీద తెలిసింది. నేను ఏ నియమమూ తప్పలేదు.

లంగ్స్ తేరుకుంటుండగా, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పెరిగింది. కిడ్నీ రిజెక్ట్ కాకుండా స్టెరాయిడ్ ఇచ్చారు. అక్క అద్దం అవతల నిలబడి, ఆపరేషన్ మచ్చ ఉన్న చోట చెయ్యి పెట్టుకుని నన్నే చూసేది. క్రియాటినిన్ మెల్లగా తగ్గింది, పాత అంకెకు మాత్రం రాలేదు.

ఇప్పుడు మండలిలో తెరిచిన కిటికీ పక్కన మాస్కు పెట్టుకుని చదువుతున్నాను, పాదాన్ని రెండు ఊపిరులుగా విరిచి. గుమ్మం దగ్గర పిన్ని కాపలా: "దగ్గుతోటి వొచ్చీవంటే పెసాదం లేదు, పో!"

ట్రాన్స్‌ప్లాంట్‌కో కేన్సర్‌కో మందులు వాడేవాళ్ళకు ఒక్క మాట. టీకా తప్పక వేయించుకోండి, కానీ అంతటితో ఊరుకోకండి. మీ మాత్రలు చూపించి, అది మీలాంటివాళ్ళను ఎంత కాస్తుందో, మళ్ళీ ఎప్పుడు వేయించుకోవాలో డాక్టరును అడగండి. టీకాతో పాటు తాత్పర్యం కూడా తెలుసుకుని ఇంటికి రండి.