ఐసుముక్క పెట్టిన చోటు

పండ్ల కోల్డ్ స్టోరేజీలో అందరూ ఆమెను పిల్లి అనేవారు. కాలుగాలిన పిల్లి అని పూర్తిగా పిలిచే తీరిక ఎవరికీ లేదు మరి. పెట్టెలు పేర్చే గదిలో ఆమె ఒక్కచోట నిలబడితే ఒట్టు. ఒళ్ళు వేడెక్కించుకోవడానికి పాపం ఆ తిరుగుడంతా. అంత తిరిగినా, ఇంటికొచ్చాక చేతులూ తొడలూ ఎర్రగా దద్దుర్లు తేలి మండిపోయేవి, కీళ్ళు సలిపేవి. తెల్లారేసరికి అన్నీ మాయం.

ఆ ఉద్యోగం వేయించింది వదిన. ఆ గదికి సూపర్‌వైజరు కూడా వదినే. దద్దుర్లు చూపిస్తే ఒకసారి దోమలంది, ఒకసారి సబ్బు పడలేదంది.

"చలి ఎవరికి లేదే? నీకూ మీ అన్నకీ ఒళ్ళు వంచడమంటేనే పడదు" అనేది.

అన్నకి ఇస్త్రీ దుకాణం. మండుటెండల్లో కూడా ఇస్త్రీ పెట్టె వదలడు. చలిగాలి వీచిందంటే మాత్రం దుకాణం మూసి దుప్పటి ముసుగేస్తాడు. ఏ కాలంలోనైనా వేన్నీళ్ళు ఉంటేనే స్నానం. "నీళ్ళు కాచుకునే ఓపిక ఉంటే కాచుకో, నాకు లేదు" అని వదిన ఏనాడో తేల్చి చెప్పేసింది. ఆయన తనే కాచుకుంటాడు.

ఒకరోజు పొద్దున్నే కబురొచ్చింది, మర్నాటి నుంచి పిల్లికి లోపలి ఫ్రీజర్ గదిలో డ్యూటీ అని. డాక్టరు కాగితం తెస్తే బయట ప్యాకింగుకి మారుస్తామన్నారు ఆఫీసువాళ్ళు. లేదంటే ఫ్రీజరో, ఇల్లో తేల్చుకోవాలి. అందుకే ఆ పొద్దున వదినను వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళింది.

డాక్టరు చిన్న ప్లాస్టిక్ సంచిలో ఐసుముక్క వేసి ఆమె ముంజేతి మీద ఉంచాడు. తీశాక అందరూ ఆ చేతినే చూస్తూ కూర్చున్నారు. కాస్త ఎర్రబడి, మామూలైపోయింది.

"చాలామందికి ఇలా పెట్టి తీయగానే దద్దురు లేస్తుంది. కొందరికి ఒళ్ళంతా చల్లబడితేనే వస్తుంది. బాగా అరుదుగా కొన్ని గంటల తరవాత లేచే రకం కూడా ఉంది, అది కుటుంబాల్లో వస్తుంది. ఇప్పటికి కాగితం ఇవ్వలేను. రాత్రిలోగా ఏమైనా లేస్తే రేపు రండి" అన్నాడు డాక్టరు.

వదినకు చివరి మాటలు చెవికెక్కలేదు. "చూశావా, ఏమీ లేదు!" అంటూ డ్యూటీకి వెళ్ళిపోయింది.

పిల్లి ఇంట్లో కూర్చోలేకపోయింది. గది ఊడ్చింది. ఊడ్చిన గదినే మళ్ళీ ఊడ్చింది. కిటికీ దగ్గర చెయ్యి చూసుకుంది, వీధిలోకొచ్చి ఎండలో చూసుకుంది. ఏమీ లేదు. నిజంగానే ఇదంతా నా బద్ధకమేమోనని అనుమానం కూడా వచ్చింది, ఏడుపొచ్చింది. రోగం రావాలని ఎదురుచూసే మనిషి ఈ లోకంలో తనొక్కతేనేమో అనుకుంది.

దీపాలు పెట్టే వేళకు ముంజెయ్యి చురుక్కుమంది. చూస్తే ఐసుముక్క పెట్టినంత మేరా చదరంగా, గట్టుకట్టినట్టు, ఎర్రగా లేచింది. చుట్టూ చర్మం మామూలుగానే ఉంది.

అప్పుడే ఇంటికొచ్చిన వదిన ముందు చెయ్యి చాపింది. "ఇదీ దోమేనా వదినా? నాలుగు మూలలూ కొలిచి కుట్టిందా?"

వదిన ఆ చేతిని తిప్పి తిప్పి చూసింది. తన కళ్ళ ముందు ఐసు పెట్టిన చోటది. "ఏమండీ, ఇలా రండి" అని కేకేసింది.

అన్న వచ్చి చూశాడు. ఆయనకేమీ వింతగా అనిపించలేదు. "నీకూ వస్తాయా? నాకు వీపు నిండా వస్తాయి" అన్నాడు చెల్లెలితో.

"మీకా? నాకెప్పుడూ చెప్పలేదేం?" అంది వదిన.

"చెప్పానుగా, మన పెళ్ళైన కొత్తలో. దోమలన్నావు."

వదిన వంటింట్లోకి వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. చివరికి గుమ్మం దగ్గర నిలబడి, ఇద్దరివైపూ చూడకుండా అంది.

"రేపు ఇద్దరూ తయారుగా ఉండండి. డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను."

"అంత పొద్దున్నే అంటే, నేను లేచి నీళ్ళు కాచుకోవాలి..." అన్నాడు అన్న.

"నేను కాస్తాను" అంది వదిన.